ఎం101లో రెండు పేలుళ్లు, ఓరుగల్లు మీది ఆకాశం

పెళ్లి తంతులో పురోహితుడు కొత్త జంటకు అరుంధతిని చూపిస్తూ వేలు చాచే దిక్కులోనే, ఆ నక్షత్రానికి మూడు వేళ్ల వెడల్పు దూరంలో ఒక పెద్ద సర్పిలాకార గెలాక్సీ ఉంది. పేరు ఎం101. 1781 మార్చిలో ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు పియెర్ మెషెన్ దాన్ని మసక మరకలా గుర్తించాడు, ఆయన తోటి పరిశీలకుడు మెసియర్ తన జాబితాలో 101వదిగా చేర్చుకున్నాడు. వ్యాసం సుమారు 1.7 లక్షల కాంతి సంవత్సరాలు. దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. మనకు దాదాపు ఎదురుముఖంగా తిరిగి ఉండటంతో దాని చేతులు, వాటి మీద గులాబీ రంగు హైడ్రోజన్ మేఘాలు ఒకదాన్ని ఒకటి కప్పేసుకోకుండా విడివిడిగా కనిపిస్తాయి. పేలిన నక్షత్రం ఏ చేతిలో, ఏ మేఘం పక్కన పేలిందో కచ్చితంగా చెప్పగలిగే గెలాక్సీలు తక్కువ. వాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది.

1909, 1951, 1970, 2011, 2023. ఎం101లో నమోదైన సూపర్‌నోవాల సంవత్సరాలివి. మొదటిది ఫొటో పలక మీద మాక్స్ వోల్ఫ్ పట్టుకున్నది. 1970 నాటిది రేడియో తరంగాల్లో కూడా దొరికిన మొదటి సూపర్‌నోవాగా పేరు తెచ్చుకుంది. 2015లో ఇదే గెలాక్సీలో మరో వెలుగు కనిపించింది గానీ అది సూపర్‌నోవా కాదు, రెండు తారలు ఒకదాన్నొకటి చుట్టుకుని కలిసిపోయిన ఘటన. ఇక్కడ అసలు విషయం చివరి రెండు పేలుళ్లది. రెండూ గెలాక్సీ కేంద్రం నుంచి దాదాపు ఒకే దూరంలో, నాలుగున్నర ఆర్క్‌మినిట్ల (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) పక్కన జరిగాయి. 2011ది దక్షిణాన కొద్దిగా పడమరగా, 2023ది ఆగ్నేయంగా. గరిష్ఠ వెలుగులో తేడా ఒక్క మాగ్నిట్యూడ్ (చుక్క వెలుగును చెప్పే అంకె, అది ఎంత చిన్నదైతే అంత ప్రకాశం). ఐపీస్‌లో కన్నుపెట్టి చూసేవాడికి రెండూ ఒకే రకం చుక్క. పేలినవి మాత్రం పొంతన లేని రెండు వస్తువులు, పేలిన కారణాలు కూడా రెండు. ఆ తేడా ఒక్క రాత్రి చూపులో తెలియదు. చుక్క ఎన్ని రోజుల్లో పెరిగింది, ఎన్ని వారాలు నిలబడింది, ఎలా పడిపోయింది అన్న లెక్కలో తెలుస్తుంది. అందుకే వరంగల్ లాంటి చోటు నుంచి చూసేవారికి టెలిస్కోప్ ఎంత పెద్దదన్న దానికంటే క్యాలెండర్ ముఖ్యం.

దూరం గురించి ఒక మాట చెప్పి ముందుకు పోవచ్చు. ఆదిలాబాద్ నల్లరేగడి కింద ఉన్న దక్కన్ లావా రాళ్లు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి. ఈ రెండు పేలుళ్ల వెలుగు అక్కడ బయలుదేరేనాటికే ఆ రాళ్లు చల్లారి నాలుగున్నర కోట్ల ఏళ్లు గడిచాయి.

రెండు రకాల చావు

2011 ఆగస్టు 24న కాలిఫోర్నియాలోని పాలొమార్ పర్వతం మీది 1.2 మీటర్ల సర్వే టెలిస్కోప్ తీసిన ఫొటోలో 17.2 మాగ్నిట్యూడ్ చుక్క ఒకటి కొత్తగా కనిపించింది. దానికి 2011ఎఫ్‌ఈ అని పేరు పెట్టారు. వెనక్కి లెక్కకడితే పేలుడు మొదలై అప్పటికి 11 గంటలే అయిందని తేలింది. సెప్టెంబరు రెండో వారానికి అది 10వ మాగ్నిట్యూడ్‌కు చేరింది. అంటే సుమారు 18 రోజుల్లో ఏడు మాగ్నిట్యూడ్‌లు పైకెక్కింది. ఐదు మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో 100 రెట్లు, ఏడు అంటే 600 రెట్లకు పైనే.

పేలినది శ్వేత కుబ్జ తార. సూర్యుడి లాంటి నక్షత్రం తన ఇంధనం అయిపోయాక మిగిల్చే కార్బన్, ఆక్సిజన్ ముద్ద అది. పరిమాణంలో భూమి అంత, బరువులో సూర్యుడంత. పక్కనున్న జంట తార నుంచి పదార్థం తెచ్చుకునో, మరో శ్వేత కుబ్జంతో కలిసిపోయో దాని లోపల కార్బన్ మండటం మొదలైతే ఆపే యంత్రాంగం ఏదీ ఉండదు. మామూలు నక్షత్రంలో వేడి పెరిగితే వాయువు వ్యాకోచించి చల్లబడుతుంది. శ్వేత కుబ్జంలో ఒత్తిడికి ఆధారం ఎలక్ట్రాన్ల కిక్కిరింపు, వేడి కాదు. కాబట్టి వేడెక్కినా వ్యాకోచించదు, మంట ఇంకా రేగుతుంది. కొన్ని సెకన్లలో తార మొత్తం చెదిరిపోతుంది, వెనక ఏమీ మిగలదు. ఖగోళ భౌతికశాస్త్రవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టిన 1.4 సౌర ద్రవ్యరాశుల హద్దు దగ్గరే ఇది జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు ఆ హద్దు చేరకుండానే పేలే దారులు కూడా ఉన్నాయని లెక్కలు చెబుతున్నాయి. 2011ఎఫ్‌ఈ విషయంలో ఒకటి మాత్రం గట్టిగా తేలింది. పేలుడుకు ముందు హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన పాత ఫొటోల్లో ఆ చోట ప్రకాశవంతమైన ఎర్ర మహాతార ఏదీ లేదు. అంటే పెద్ద ఎర్ర తార దానికి జంటగా ఉండి పదార్థం అందించిందన్న ఊహ ఈ పేలుడుకు పొసగదు.

ఇలాంటి పేలుళ్లను ఒకటి-ఏ రకం అంటారు. వాటి వెలుగుకు మూలం పేలుడు వేడి కాదు, ఆ వేడి త్వరగానే చల్లారుతుంది. మంటలో తయారైన నికెల్-56 సుమారు సగం సౌర ద్రవ్యరాశి ఉంటుంది. దాని అర్ధాయువు ఆరు రోజులు. అది కోబాల్ట్-56 అవుతుంది, దాని అర్ధాయువు 77 రోజులు. చివరికి ఇనుము. చుక్కను వారాల తరబడి వెలిగించేది ఈ రేడియోధార్మికతే. విశ్వంలోని ఇనుములో పెద్ద వాటా ఈ రకం పేలుళ్లదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల్లో కరిగి, పర్షియా దాకా కత్తుల కోసం పోయిన ఉక్కు వెనక కూడా ఇలాంటి శ్వేత కుబ్జాల బూడిదే ఎక్కువగా ఉంది.

2023 మే 19న దొరికిన 2023ఐఎక్స్‌ఎఫ్‌ది వేరే సంగతి. జపాన్‌లోని యమగాతకు చెందిన కోయిచి ఇతగాకి అనే ఔత్సాహికుడు దాన్ని పట్టుకున్నాడు. అప్పటికి 14.9 మాగ్నిట్యూడ్. ఐదు రోజుల్లోనే 11వ మాగ్నిట్యూడ్ ప్రాంతానికి వచ్చేసింది. ఇక్కడ పేలినది అరుణ మహాతార. పుట్టినప్పుడు దాని బరువు ఎంతన్నదానిపై అంచనాలు 10 నుంచి 20 సౌర ద్రవ్యరాశుల దాకా చెదిరి ఉన్నాయి. పాత ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో ఆ తార దొరికింది. దుమ్ములో కూరుకుపోయి, సుమారు వెయ్యి రోజులకోసారి పెరుగుతూ తరుగుతూ ఉన్నట్టు స్పిట్జర్ టెలిస్కోప్ ఏళ్లపాటు తీసిన కొలతలు చూపించాయి.

అంత బరువైన తార నడిగర్భంలో హైడ్రోజన్, హీలియం, కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ వరుసగా మండుతాయి. ప్రతి మెట్టూ ముందుదాని కంటే పొట్టిది. సిలికాన్ మంట కొన్ని రోజులకు మించదు. ఇనుము మండితే శక్తి రాదు, పైగా ఖర్చవుతుంది. ఇనుప గర్భం బరువు 1.4 సౌర ద్రవ్యరాశుల ప్రాంతానికి చేరేసరికి అది సెకను కూడా పట్టకుండా కుప్పకూలుతుంది. బయటకు వచ్చే శక్తిలో 99 శాతం న్యూట్రినోల రూపంలో, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే సూక్ష్మ కణాల రూపంలో పోతుంది. సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితంలో వెదజల్లేదానికి అది వంద రెట్ల పైమాటే. కంటికి కనిపించే వెలుగు అందులో పదివేలవ వంతు. టెలిస్కోప్‌లో చూసి అబ్బురపడేది ఆ చిల్లరనే.

గర్భం కూలిన కబురు అరుణ మహాతార పైపొరకు చేరడానికే ఒక రోజు దాకా పడుతుంది, దాని వ్యాసార్ధం సూర్యుడికి వందల రెట్లు కాబట్టి. ఆఘాత తరంగం (షాక్ వేవ్) పైకి వచ్చేసరికి 2023ఐఎక్స్‌ఎఫ్ చుట్టూ దట్టమైన వాయువు ఉంది, తార తన చివరి ఏళ్లలో ఊదేసిన పొర అది. మొదటి రాత్రుల వర్ణపటాల్లో ఆ వాయువు సన్నని గీతలుగా కనిపించింది. వారం తిరిగేసరికి విస్తరిస్తున్న శిథిలాలు ఆ పొరను మింగేశాయి, గీతలు పోయాయి. చుక్క రంగు కూడా మొదట ఎర్రగా ఉండి రోజుల్లో నీలానికి తిరిగింది, చుట్టుపక్కల దుమ్ము ఆ వేడికి ఆవిరైపోవడంతో. ఇదంతా కనిపెట్టిన మొదటి వారంలోపే ముగిసిపోయే కథ. తొలి రాత్రులు చేజారితే మళ్లీ దొరకదు.

ఆ తర్వాత వచ్చేది పీఠభూమి దశ. తార చుట్టూ ఉన్న హైడ్రోజన్ కోటు సుమారు 6,000 డిగ్రీల దగ్గర తిరిగి తటస్థ వాయువుగా మారుతూ, లోపల దాచుకున్న వేడిని కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే వెలుగు వారాల తరబడి పెద్దగా పడిపోదు. 2023ఐఎక్స్‌ఎఫ్‌లో ఇది సుమారు 80 రోజులు సాగింది, ఈ రకానికి అది కాస్త పొట్టిదే. హైడ్రోజన్ కోటు అయిపోగానే చుక్క ఒక్కసారిగా మసకబారింది.

ఒకటి-ఏ రకం గరిష్ఠ స్థాయిలో నిరపేక్ష మాగ్నిట్యూడ్ (అన్నింటినీ ఒకే దూరంలో పెట్టి చూస్తే ఉండే వెలుగు) మైనస్ 19.3 ప్రాంతంలో ఉంటుంది. ఇలా హైడ్రోజన్ కోటు ఉన్న తార గర్భం కూలి పేలడాన్ని రెండో రకం అంటారు, అది మామూలుగా మైనస్ 17 ప్రాంతంలో. కానీ 2023ఐఎక్స్‌ఎఫ్ చుట్టూ ఉన్న వాయువును ఢీకొట్టి మైనస్ 18 దాటింది. అందువల్లే పైన చెప్పిన ఒక్క మాగ్నిట్యూడ్ తేడా. వెలుగును చూసి రకం చెప్పడం ఎంత ప్రమాదమో ఇదొక్కటే చాలు.

ఓరుగల్లు నుంచి ఎప్పుడు, ఎంత ఎత్తులో

వరంగల్ అక్షాంశం సుమారు 18 డిగ్రీల ఉత్తరం, ఎం101 క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరంగా ఉన్న దూరం) 54.35 డిగ్రీలు. కాబట్టి అది ఉత్తరాన ధ్రువ నక్షత్రం పైన గరిష్ఠంగా 53 నుంచి 54 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. ఆ స్థానానికి అటు నాలుగు గంటలు, ఇటు నాలుగు గంటలు 30 డిగ్రీల పైన ఉంటుంది. అంతకంటే కిందికి దిగితే గాలి పొర రెండింతలకు పైగా మందమవుతుంది. మే నెల దుమ్ములో ఆ మందం గుండా కొలిచిన అంకె నమ్మదగ్గది కాదు.

మే 19న ఎం101 గరిష్ఠ ఎత్తుకు చేరేది మన గడియారంలో రాత్రి పదిన్నర లోపే. ఇతగాకి ఆవిష్కరణ ఫొటో సమయం మన లెక్కలో రాత్రి 10:57. ఆ క్షణాన గెలాక్సీ హన్మకొండ మీద దాదాపు నడినెత్తి గీతపైనే ఉంది. ఆ రోజు వైశాఖ అమావాస్య కూడా. చంద్రుడు లేడు, మబ్బుల కాలం రాలేదు, గెలాక్సీ అత్యధిక ఎత్తులో ఉంది. ఉత్తర తెలంగాణకు ఇంత కలిసొచ్చే సూపర్‌నోవా అరుదు. వెలుగు మొదలైంది దానికి ముందు రాత్రి, మన గడియారంలో మే 18 అర్ధరాత్రి అటూ ఇటూ. పలు దేశాల ఔత్సాహికులు ఆ రాత్రి తమ సరదాకు తీసుకున్న గెలాక్సీ ఫొటోలే తర్వాత పేలుడు సమయాన్ని గంటల లోపుకు బిగించాయి. కొన్నింటిలో చుక్క లేదు, కొన్నింటిలో లీలగా ఉంది. చుక్క లేని ఫొటోకు కూడా విలువే, దాని మీద సమయం సరిగా ఉంటే. మే నెల రాత్రుల్లో ములుగు అడవి అంచున ఎవరైనా కెమెరాను ఎం101 వైపు తిప్పి పెట్టుకుంటే అది వృథా పని కాదని దీని అర్థం.

జూన్ 3–4 నాటి జ్యేష్ఠ పున్నమి ఒక వారం పాటు ఆకాశాన్ని తెల్లబరిచింది. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు తెలంగాణకు ఆలస్యంగా, జూన్ మూడో వారం దాటాకే వచ్చాయి. కాబట్టి పీఠభూమి మొదటి సగం ఇక్కడి నుంచి బాగానే అందింది. రెండో సగం మబ్బుల్లో కొట్టుకుపోయింది. జులై నెలాఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిన ఏడాది అది. పీఠభూమి ముగిసి చుక్క జారిపోయిన ఆగస్టు మొదటి సగం ఇక్కడ ఎప్పుడూ వాన నెలే. అంటే ఏ సంవత్సరమైనా మేలో పేలిన ఇలాంటి సూపర్‌నోవా పెరుగుదల వరంగల్‌కు దక్కుతుంది, పతనం దక్కదు. ఆ భాగం కోసం హన్లే లాంటి చోటు కావాలి. లద్దాఖ్‌లో సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున, నైరుతి మబ్బులు పలచబడే చోట ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్, దాని పక్కనే ఉన్న 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోప్ 2023ఐఎక్స్‌ఎఫ్‌ను వెంటాడాయి. ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో చూసింది.

2011ఎఫ్‌ఈ ఇక్కడివారికి దక్కనే లేదని చెప్పాలి. గరిష్ఠానికి చేరిన సెప్టెంబరు 10 ప్రాంతంలో పూర్తి చీకటి పడే ఏడున్నరకు ఎం101 వాయవ్యంలో 27 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, పదకొండు లోపే అస్తమిస్తుంది. పైగా భాద్రపదం మబ్బులు. రెండు పేలుళ్లలో ఎక్కువ ప్రకాశవంతమైనది కొలతకు నోచుకోకపోవడం ఈ అక్షాంశం, ఈ వానాకాలం కలిసి చేసిన పని.

గెలాక్సీ కనపడదు, చుక్క కనపడుతుంది

ఎం101 మొత్తం వెలుగు 7.9 మాగ్నిట్యూడ్ అని పుస్తకాల్లో ఉంటుంది. 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్స్‌కే 9వ మాగ్నిట్యూడ్ తార అందుతుంది కదా, ఇంకేముంది అనుకుని చాలామంది నిరాశపడతారు. గిద్దెడు పసుపు గ్లాసులో కలిపితే రంగు తేలుతుంది, చెరువులో కలిపితే తేలదు. ఆ 7.9 అంతా 28 ఆర్క్‌మినిట్ల వెడల్పున, దాదాపు నిండు చంద్రుడంత మేర పరుచుకుని ఉంది. లెక్కకడితే సగటున ఒక్కో చదరపు ఆర్క్‌సెకనుకు (ఆర్క్‌సెకను అంటే ఆర్క్‌మినిట్‌లో అరవయ్యో వంతు) 23.7 మాగ్నిట్యూడ్. అడవి మధ్య మంచి చీకటి ఆకాశం 21.5 దాకా ఉంటుంది, అంటే ఆకాశమే గెలాక్సీ కంటే ఎనిమిది రెట్లు ప్రకాశవంతం. ఊరి నడుమ 18 దగ్గర ఉంటే తేడా 200 రెట్లు. కాజీపేట చౌరస్తా డాబా మీద 12 అంగుళాల అద్దం పెట్టినా ఆ నిష్పత్తి మారదు.

సూపర్‌నోవాది చుక్క వెలుగు, పరుచుకోదు. 11వ మాగ్నిట్యూడ్ చుక్క 6 అంగుళాల టెలిస్కోప్‌లో పట్టణ శివారు నుంచి కూడా అందుతుంది. కాబట్టి గెలాక్సీ అసలు కనపడకుండానే దాని నక్షత్రం పేలుడు కనపడే విచిత్రం జరుగుతుంది. అలాంటప్పుడు చుట్టుపక్కల తారల పటం చేతిలో లేకపోతే చూస్తున్నది ఏదో చెప్పలేం.

ఆకాశాన్ని పరీక్షించడానికి పరికరం అక్కర్లేదు. వశిష్ఠుడి పక్కన అరుంధతి కంటికి విడిగా కనపడకపోతే, చూపులో లోపం లేదనుకుంటే, ఆ రాత్రి ఎం101 జోలికి పోవడం దండగ. అరుంధతి మాగ్నిట్యూడ్ 4. ఇంకా గట్టి పరీక్ష వశిష్ఠుడి నుంచి తూర్పుకు సాగే చిన్న తారల వరుస. సప్తర్షి మండలం 81, 83, 84, 86 అని వాటి అంకెలు. 83ది 4.6, మిగతావి 5.5 నుంచి 5.7 మధ్య. ఇవి కంటికే అందే ఆకాశం దొరికితే గెలాక్సీ కూడా 8 అంగుళాల్లో దొరుకుతుంది. పాకాల, లక్నవరం, తాడ్వాయి వైపు అడవుల్లో చంద్రుడు లేని రాత్రి అది సాధ్యం.

దారి కూడా ఆ వరుసే. మే నెల రాత్రి పదింటికి ఉత్తరానికి తిరిగి నిలబడితే వశిష్ఠుడు, తోక చివరి మరీచి, ఎం101 మూడూ దాదాపు సమబాహు త్రిభుజం. గెలాక్సీ వశిష్ఠుడికి కుడివైపు, మరీచికి కింద కొంచెం కుడిగా ఉంటుంది. వశిష్ఠుడి నుంచి 86 దాకా చుక్కలెక్కి వచ్చి, అక్కడి నుంచి ఇంకో ఒకటిన్నర డిగ్రీ ముందుకు ఈశాన్యం పక్కగా జరిగితే చాలు. 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం ఉన్న 8 అంగుళాల డోబ్సోనియన్‌కు (చేత్తో తిప్పే పెట్టె స్టాండ్ మీది అద్దపు టెలిస్కోప్) 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్ల పెంపులో ఒక డిగ్రీ మేర కనపడుతుంది, గెలాక్సీ అందులో పడుతుంది. చోటు కుదిరాక 10 మిల్లీమీటర్ల ఐపీస్‌కు మారాలి. 120 రెట్ల దగ్గర ఆకాశపు నేపథ్యం నల్లబడుతుంది, చుక్క మాత్రం చుక్కగానే నిలుస్తుంది. గెలాక్సీని చూడటానికి తక్కువ పెంపు, సూపర్‌నోవాకు ఎక్కువ పెంపు. ఈ రెంటినీ తలకిందులు చేయడం తొలిసారి చూసేవారు ఎక్కువగా చేసే పొరపాటు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ దెబ్బతీసేవి మూడు. ఒకటి, యాసంగి కోతల దుమ్ము, కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ. ఒక జల్లు పడి వెలిసిన మర్నాటి రాత్రి ఆకాశం ఒక్కసారిగా తేటపడుతుంది, ఆ రాత్రిని వదులుకోకూడదు. రెండు, వేడి. రోహిణి కార్తెలో పగలంతా కాగిన కాంక్రీటు డాబా, హన్మకొండ గుట్టల నల్లరాయి అర్ధరాత్రి దాకా ఆవిరి కక్కుతూనే ఉంటాయి, చుక్క ఉబ్బి వణుకుతుంది. మట్టి నేల, గడ్డి, చెరువు గట్టు నయం. 8 అంగుళాల అద్దం బయటి గాలి వేడికి సర్దుకోవడానికి ముప్పావు గంట నుంచి గంట కావాలి, అందుకే పొద్దుగూకేటప్పుడే బయట పెట్టాలి. మూడు, సాయంత్రం గాలిదుమారం. గుడ్డ కప్పడం సరిపోదు, గొట్టం మూతలు రెండూ దగ్గరుంచుకోవాలి.

కొలత

కంటితో కొలవడం తేలికే. అమెరికాలోని చలకాంతి తారల పరిశీలకుల సంఘం ఏఏవీఎస్ఓ ప్రతి ముఖ్యమైన సూపర్‌నోవాకూ చుట్టూ ఉన్న స్థిర తారల మాగ్నిట్యూడ్‌లతో పటం ఉచితంగా ఇస్తుంది. చుక్క కంటే కొంచెం ప్రకాశవంతమైన తార ఒకటి, కొంచెం మసకది ఒకటి ఎంచుకోవాలి. ఒకటి 10.8, ఇంకొకటి 11.4 అనుకుంటే, చుక్క మొదటిదానికి దగ్గరగా మూడో వంతు దూరంలో అనిపిస్తే 11.0. కంటి లోపం 0.1 నుంచి 0.2 దాకా ఉంటుంది. నిన్నటి అంకె చూసుకుని ఈ రోజు అంచనా వేస్తే మనసు దాన్నే మళ్లీ రాయిస్తుంది, కాబట్టి నోటుబుక్కు మూసిపెట్టి చూడటం మేలు.

కెమెరాతో అయితే కచ్చితత్వం పెరుగుతుంది, చిక్కులు కూడా. కదలని ట్రైపాడ్ మీద 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎక్స్‌పోజర్ రెండు సెకన్లు మించితే చుక్కలు గీతలవుతాయి. ఎందుకంటే ఈ క్రాంతి దగ్గర ఆకాశం సెకనుకు దాదాపు 9 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. అలాంటివి వంద తీసి ఒకదానిపై ఒకటి పేర్చాలి. భూభ్రమణాన్ని అనుసరించే ట్రాకర్ ఉంటే 30 సెకన్లవి పాతిక చాలు. ఫొటోలు రా ఫైళ్లుగానే ఉండాలి, జేపెగ్‌లో కెమెరా వెలుగుల నిష్పత్తిని మార్చేస్తుంది. కొలతకు ఆకుపచ్చ చానల్ వాడాలి, ప్రామాణిక వీ ఫిల్టర్‌కు దగ్గరిది అదే. మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములు మేలో తప్పనిసరి. 32 డిగ్రీల రాత్రిలో సెన్సర్ మీద వేడి పిక్సెళ్లు తారల్లాగే మెరుస్తాయి.

2023ఐఎక్స్‌ఎఫ్ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. దాని పక్కనే ఎన్‌జీసీ 5461 అనే భారీ హైడ్రోజన్ మేఘం ఉంది. కొలత వలయం పెద్దదిగా పెడితే మేఘం వెలుగు కూడా చుక్క ఖాతాలో పడుతుంది. చుక్క 11 దగ్గర ఉన్నప్పుడు అది పట్టించుకోనక్కర్లేదు. 14 దగ్గరకు జారాక పెద్ద తప్పవుతుంది, పీఠభూమి అంచు నిజానికంటే మెల్లగా దిగినట్టు చూపిస్తుంది. మందు ఒక్కటే. అదే పరికరంతో పేలుడు లేనప్పుడు తీసిన పాత ఫొటోను కొత్తదాని నుంచి తీసేయడం.

రకాన్ని తేల్చాలంటే వర్ణపటం. మిల్లీమీటరుకు 100 గీతలున్న చవక గ్రేటింగ్‌ను (వెలుగును రంగులుగా విడదీసే పలక) కెమెరా ముందు ఫిల్టర్‌లా బిగిస్తే 8 అంగుళాల టెలిస్కోప్‌తో 11వ మాగ్నిట్యూడ్ చుక్క కూడా సన్నని రంగుల పట్టీగా విడిపోతుంది. 656 నానోమీటర్ల దగ్గర వెడల్పైన హైడ్రోజన్ గుట్ట లేస్తే రెండో రకం. హైడ్రోజన్ లేకుండా 613 దగ్గర లోతైన గొయ్యి ఉంటే ఒకటి-ఏ రకం. ఆ గొయ్యి సిలికాన్‌ది. నిలకడగా ఉన్న సిలికాన్ దాన్ని 635.5 దగ్గర చేస్తుంది. సెకనుకు పది వేల కిలోమీటర్లకు పైగా మన వైపు దూసుకొస్తున్న పదార్థం కావడంతో 22 నానోమీటర్లు నీలం వైపు జరిగింది. ఒక్క గీత జరుగుడు నుంచి పేలుడు వేగం చేతికొస్తుంది. కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్ఐటీ స్థాయిలో భౌతికశాస్త్రం విద్యార్థులు చేయదగ్గ ప్రాజెక్టుల్లో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత భౌతికశాస్త్రం నేర్పేవి ఎక్కువ లేవు.

కొత్త చుక్క దొరికిందనుకుంటే

ఎం101లో కొత్త చుక్కలుగా భ్రమింపజేసేవి చాలానే ఉన్నాయి. దాని చేతుల మీది హైడ్రోజన్ మేఘాల్లో పది దాకా ఎన్‌జీసీ అనే గెలాక్సీలు, మేఘాల జాబితాలో సొంత అంకెలున్నవే. మసక ఆకాశంలో గెలాక్సీ కనపడక మేఘం ఒక్కటే తేలితే అది చుక్కలా ఉంటుంది. ముందున్న మన పాలపుంత తారలు మరికొన్ని. గ్రహశకలాల బెడద మాత్రం ఇక్కడ తక్కువ. గెలాక్సీ క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి, 60 డిగ్రీల దూరంలో ఉంది, అవి ఎక్కువగా తిరిగేది ఆ వృత్తం దగ్గరే.

అందుకే ఫిబ్రవరి నుంచి మే దాకా చంద్రుడు లేని రాత్రుల్లో ఎం101 ఫొటో ఒకటి తీసి తేదీతో దాచుకోవాలి. అనుమానం వచ్చినప్పుడు మొదట దాంతో పోల్చాలి. పాత ఫొటోలో లేకపోతే కెమెరాను కొద్దిగా జరిపి, అరగంట ఎడంగా ఇంకో రెండు ఫ్రేములు తీయాలి. వేడి పిక్సెల్ అయితే తారలతో పాటు జరగదు, ఉపగ్రహం మెరుపైతే రెండోసారి ఉండదు. ఆ తర్వాత కొత్త చుక్కలను నమోదు చేసే అంతర్జాతీయ వెబ్‌సైట్ ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో అప్పటికే ఎవరైనా ఆ చోటు నమోదు చేశారేమో చూడాలి. చేయకపోతే అక్కడే ఖాతా తెరిచి విషువాంశం (ఆకాశంలో తూర్పు-పడమర స్థానం), క్రాంతి, మాగ్నిట్యూడ్, వాడిన ఫిల్టర్, చుక్క లేని చివరి ఫొటో తేదీ నింపాలి. సమయం విశ్వ సమయంలో రాయాలి, అంటే మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి. మే 20 తెల్లవారుజామున ఒంటిగంట అక్కడ మే 19 సాయంత్రం 19:30. తేదీ మారిపోయే ఈ చోటే ఎక్కువ నమోదులు తప్పుతాయి.